విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చిత్రాల, ఫోటోల ప్రదర్శన: ఎక్కడ, ఎన్నాళ్ళు, ఎలా?

కడప నుంచి ఒక సహాయ గ్రంథపాలకురాలు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. విద్యార్థులు, అధ్యాపకులు గీసిన చిత్రాలతోను, తీసిన ఫోటోలతోను తమ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ప్రదర్శన ఏర్పాటు చేయమని పైనుంచి ఆదేశం వచ్చింది. చేతిలో ఉన్నది 20 వేల రూపాయలు. గోడలకు మేకులు కొట్టడానికి వీల్లేదని ఇంజనీరింగ్ విభాగం చెప్పేసింది. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఇప్పటికే గొణుగుతున్నారు. పుస్తకాలకు హాని జరుగుతుందేమోనన్న భయమూ ఉంది. అసలు గ్రంథాలయం ఇలాంటి పనికి తగిన చోటేనా, తగినదే అయితే మూడు రోజులు పెట్టాలా, వారం పెట్టాలా అని వారి సందేహం.

తగిన చోటే. అయితే మూడు రోజులూ వద్దు, వారమూ వద్దు. కనీసం నెల రోజులు ఉంచండి. బొమ్మలు 25 నుంచి 30 దాటనివ్వకండి. పఠన మందిరంలోకి వాటిని తీసుకుపోకుండా, మనుషులు ఎలాగూ నిలబడే చోట్ల పెట్టండి. ప్రతి బొమ్మ పక్కన మీ అరల్లో ఉన్న ఏదో ఒక పుస్తకం పేరు, దాని వర్గ సంఖ్య (అరల్లో దాని చోటును తెలిపే అంకె) రాయండి. ఈ నాలుగూ చేస్తే మీకు వచ్చిన ఇబ్బందుల్లో సగం వాటంతట అవే తీరిపోతాయి. ఎందుకో చెబుతాను.

నేను అనంతపురం వైపు ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విరమణ పొందాను. పదిహేను దాకా ప్రదర్శనలు నా చేతుల మీదుగా జరిగాయి. మొదటిది ఘోరంగా విఫలమైంది. మూడు రోజుల సదస్సుకు తోడుగా పెట్టిన ఆ ప్రదర్శనలో 120 ఫోటోలను పఠన మందిరం నాలుగు గోడలకూ, పుస్తకాల అరల చివరలకూ అంటించాము. రిబ్బను కత్తిరించడానికి పెద్దలు వచ్చారు, వారి వెంట వంద మంది వచ్చారు, కెమెరాల వెలుగులు మెరిశాయి, తేనీరు కూడా లోపలే పంచారు. గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటున్న కుర్రవాళ్ళు పుస్తకాలు చంకన పెట్టుకుని బయట వేపచెట్టు కిందికి వెళ్ళిపోయారు. అప్పుడు ఏప్రిల్ నెల. రెండు వైపులా జిగురుండే టేపు ఎండ వేడికి మెత్తబడి, రెండో రాత్రి ఫోటోలున్న సన్‌బోర్డు పలకలు ఒక్కొక్కటిగా కింద పడుతుంటే, లోపల ఎవరో ఉన్నారనుకుని కాపలాదారు మా ఇంటికి కబురు పంపాడు. తీసేటప్పుడు టేపుతో పాటు గోడ రంగు పెచ్చులుగా ఊడి వచ్చింది. మేకులు వద్దంటున్న మీ ఇంజనీర్ల మీద నాకు సానుభూతి ఉండటానికి అదీ ఒక కారణం. అన్నిటికంటె నన్ను ఎక్కువగా కుంగదీసింది మాత్రం నాలుగో రోజు. రోజూ వచ్చే ఒక పరిశోధక విద్యార్థి ఖాళీ గోడను చూసి, "సార్, ఇక్కడ ఏవో ఫోటోలు ఉన్నట్టున్నాయి, చూద్దామనుకునేలోపే తీసేశారే" అన్నాడు.

ఆ మాట మీద నేను చాలా ఆలోచించాను. గ్యాలరీకి వెళ్ళేవాడు బొమ్మలు చూడటానికే బయలుదేరి వెళ్తాడు. ఒక గంట గడిపి, అన్నీ చూసి, తిరిగి మళ్ళీ రాడు. గ్రంథాలయానికి వచ్చేవాడు పుస్తకం కోసమో, పత్రిక కోసమో, చల్లగా కూర్చోవడానికో వస్తాడు. బొమ్మ అతని దారిలో ఉంటుంది. మొదటి రోజు దాన్ని చూడడు. మూడో రోజు ఓరగా చూస్తాడు. పదో రోజు ఆగుతాడు. నెలలో నలభై సార్లు దాని ముందు నుంచి నడిచిన మనిషికి ఆ బొమ్మతో ఏర్పడే పరిచయం ఏ గ్యాలరీలోనూ ఏర్పడదు. గ్రంథాలయానికి ఉన్న బలం అదొక్కటే. మూడు రోజుల ప్రదర్శన ఆ బలాన్ని చేజేతులా పారవేసుకుంటుంది.

చోటు ఎంచుకోవడం మీ కుర్చీలో కూర్చుని చేసే పని కాదు. ఒక పని దినమంతా కాగితం, పెన్సిలు పట్టుకుని, మనుషులు ఎక్కడెక్కడ నిలబడుతున్నారో గుర్తు పెట్టండి. నేను చేసినప్పుడు తేలింది ఇది: సంచులు అప్పగించే కౌంటరు దగ్గర వరుస, పుస్తకాలు ఇచ్చే కౌంటరు దగ్గర వరుస, తాగునీటి కుళాయి, దినపత్రికలను నిలబడి చదివే వాలు బల్ల, మెట్ల మలుపు. మెట్ల మలుపు అన్నిటికంటె గొప్ప చోటు, ఎందుకంటే ఎక్కి వచ్చినవాడు అక్కడ ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంటాడు. పఠన మందిరం మాత్రం వద్దు. అక్కడ బొమ్మ చూడాలంటే చదువుకునేవారి వీపుల వెనుక నిలబడాలి. చూసేవారికీ మొహమాటం, చదివేవారికీ చిరాకు. అత్యవసర ద్వారానికీ, మంటలార్పే పరికరానికీ అడ్డం రాకుండా చూసుకోండి; నడవలో బోర్డు పెడితే మనుషులు నడవడానికి కనీసం మీటరున్నర వదలండి.

పోటీ పరీక్షల పిల్లలను ముందే కూర్చోబెట్టి మాట్లాడండి. ఉదయం తాళం తీసేటప్పటికే గుమ్మంలో ఉండి, రాత్రి దీపాలు ఆర్పేదాకా కదలని వారే మీ అసలు ప్రేక్షకులు. ప్రారంభోత్సవాన్ని సెమినారు హాల్లోనో, బయట వరండాలోనో జరిపి, లోపలికి ఎవరి మటుకు వారు వచ్చి చూసుకునేలా చేస్తామని చెబితే గొణుగుడు ఆగిపోతుంది. మా మూడో ప్రదర్శనకు బొమ్మలు కట్టే పనిలో సాయం పట్టింది వారే.

మేకుల సంగతి. రెండు ప్లైవుడ్ పలకలను పైన కీళ్ళతో కలిపి, ఇంటి వాలు కప్పులా నిలబెట్టే బోర్డులను వడ్రంగి చేత చేయించుకుంటే గోడ అక్కరలేదు. రెండు వైపులా బొమ్మలు పడతాయి, మడిచి గోదాములో పెట్టుకోవచ్చు, పదేళ్ళు వస్తాయి. గోడ పైభాగాన చెక్క పట్టీ ఏదైనా ఇదివరకే ఉంటే, దానికి తంగూసు కట్టి వేలాడదీయవచ్చు. ఒక బొమ్మకు ఒక తంగూసు కాకుండా రెండు కట్టండి. ఒకటే కడితే గాలికి తిరుగుతుంది. మీ 20 వేలలో సగం ఈ బోర్డులకే పెట్టమని నా సలహా. ఫ్లెక్సీలకు, శాలువాలకు, జ్ఞాపికలకు పెట్టిన డబ్బు మరుసటి ఏడాదికి మీ చేతిలో మిగలదు.

బొమ్మ మధ్య భాగం నేల నుంచి సుమారు 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండటం అన్నిచోట్లా వాడే పద్ధతి. చక్రాల కుర్చీలో వచ్చే పాఠకులు మీకు ఉంటే, కొంచెం దించినా పొడుగువారికి నష్టమేమీ లేదు. పై వరుస, కింది వరుస అని రెండు అంతస్తులుగా పెట్టకండి. పై వరుసను ఎవరూ చూడరు.

ఈ నియమాన్ని కావాలని తప్పిన సందర్భం ఒకటుంది. లేపాక్షి వీరభద్రాలయంలోని 16వ శతాబ్దపు వర్ణచిత్రాలు మండపం కప్పు మీద ఉంటాయి. మెడ వెనక్కి వాల్చి చూడాల్సిన బొమ్మలను గోడకు నిలువుగా పెడితే ఏదో పోయినట్టు అనిపించింది. విద్యార్థులు తీసిన ఆ ఫోటోలను పలచని ఫోమ్ బోర్డు మీద అతికించి, వరండా పైకప్పుకు అడ్డంగా వేలాడదీశాము. సంచులు అప్పగించే వరుసలో నిలబడ్డవారంతా తలలు పైకెత్తి చూస్తుంటే, అదేమిటోనని దారిన పోయేవారు కూడా లోపలికి వచ్చారు. ఊడినా ఎవరికీ దెబ్బ తగలనంత తేలికగా ఉంటేనే ఇలాంటి సాహసం చేయాలి.

వెలుతురు గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే గ్రంథాలయానికీ చిత్రానికీ మధ్య ఉన్న అసలు వైరం ఇక్కడే ఉంది. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. చదువుకునే బల్ల మీద 300 నుంచి 500 లక్సుల వెలుతురు కావాలి. నీటిరంగుల చిత్రాలు, సహజ రంగుల కలంకారీ, పాత రంగుల ఫోటోలు వంటివాటికి 50 లక్సులకు మించకూడదని మ్యూజియంలు పాటిస్తాయి. వెలుతురు చేసే హాని ఏరోజుకారోజు తుడిచిపెట్టుకుపోయేది కాదు, పోగుపడేది. రోజుకు 8 గంటల చొప్పున 30 రోజులు 50 లక్సుల కింద ఉన్న చిత్రం 12,000 లక్సు గంటల వెలుతురు తింటుంది; అదే చిత్రం 500 లక్సుల కింద ఉంటే 1,20,000 తింటుంది, అంటే మ్యూజియంలో పది నెలలు వేలాడినంత. కాబట్టి నెల రోజుల ప్రదర్శన అని నేను చెప్పేది ముద్రించిన ఫోటోలకూ, చిత్రాల మంచి నకళ్ళకూ వర్తిస్తుంది. తైలవర్ణ చిత్రాలు 200 లక్సుల దాకా తట్టుకుంటాయి. నీటిరంగుల అసలు చిత్రాన్ని పెట్టి తీరాలని చిత్రకారుడు కోరితే, వారం పాటు అసలు, మిగతా మూడు వారాలు నకలు అని ఒప్పించండి. ఫోన్లలో వెలుతురు కొలిచే యాప్‌లు ఉన్నాయి. అవి కచ్చితమైన అంకె చెప్పకపోయినా, ఏ గోడ మీద ఎక్కువ, ఏ గోడ మీద తక్కువ అన్నది తేలుస్తాయి. పడమటి కిటికీ ఎదురుగా మాత్రం ఏదీ పెట్టకండి. మన ప్రాంతపు సాయంత్రపు ఎండ ఏ రంగునూ వదలదు.

తేమ గురించి ఇతర ప్రాంతాలవారు రాసిన సలహాలు మనకు పూర్తిగా సరిపోవు. మన దగ్గర గాలి ఏడాదిలో చాలా భాగం పొడిగానే ఉంటుంది. చిక్కంతా కూలర్లతో వస్తుంది. పగలు నీళ్ళ కూలరు తేమను ఊదుతుంది, రాత్రి అది ఆగగానే గాలి మళ్ళీ ఎండిపోతుంది. రోజూ ఇలా ఉబ్బి, ముడుచుకుని, పలక మీద అతికించిన ఫోటో అంచులు లేచి దోనెలా వంగుతుంది. కూలరు గాలి నేరుగా తగలని చోట పెట్టడం ఒక్కటే మార్గం. ఫోటోను పలకకు పూర్తిగా అతికించకుండా, వెనుక పైఅంచున మాత్రమే కాగితపు పట్టీతో తగిలించి, ముందు మౌంటు బోర్డు చట్రం బిగిస్తే కాగితం కదలడానికి వీలుంటుంది.

ముద్రణ విషయంలో ఎక్కువ చెప్పనక్కరలేదు. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ఉన్న పరిమాణం మీ బోర్డులకు చాలు. అంగుళానికి 200 చుక్కల లెక్కన ఫోటో కనీసం 2400, 3600 పిక్సెళ్ళు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుంచించుకుపోతుంది కనుక ఈమెయిలులోనో, డాక్యుమెంటు రూపంలోనో పంపమనండి. మెరిసే కాగితం వద్దు; మీ ట్యూబులైటు అందులో కనిపిస్తుంది, బొమ్మ కనిపించదు.

పుస్తకాలకు హాని అన్న మీ భయం నిజమైనదే, కానీ దాని మూలం జనం కాదు, పురుగు. చెక్క చట్రాలు, తోలు, గుడ్డ, గడ్డి, జనపనార, వీటిలో ఏది లోపలికి వచ్చినా వెంట పురుగు గుడ్లు రావచ్చు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలను మేము ఒకసారి ప్రదర్శించాము. ఆ కళకు జీవితాన్ని ఇచ్చిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. బొమ్మలు వచ్చిన వెంటనే గ్రంథాలయంలోకి తీసుకురాకుండా, వేరే భవనంలో, తెల్ల కాగితం పరిచిన బల్ల మీద రెండు వారాలు ఉంచాము. కాగితం మీద పొట్టు రాలితే పురుగు ఉన్నట్టు. రెండు బొమ్మల కింద రాలింది. వాటిని పక్కన పెట్టి మిగతావే తెచ్చాము. ఇంకో మాట: తోలుబొమ్మను బోర్డుకు తగిలిస్తే అది మట్టిరంగు మచ్చలా ఉంటుంది. వెనుక నుంచి వెలుగు ఉంటేనే దానికి ప్రాణం. పలచని తెల్ల పంచెను బిగించి కట్టి, వెనుక వేడి పుట్టించని చిన్న ఎల్‌ఈడీ దీపాన్ని చూసేవారు ఉన్నంతసేపే వెలిగించాము.

తాళపత్రాలు, పాత కాగితపు ప్రతులు వంటివి చూపించాలన్న ఆలోచన మీకు వస్తే, అసలువాటిని బయట పెట్టకుండా ఫోటోలు పెట్టండి. మీ ఊళ్ళోనే బ్రౌన్ దొర నివసించిన స్థలంలో వెలసిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ప్రతి గ్రంథాలయం తన చరిత్రను తన గోడ మీద చూపించుకోవచ్చునన్న ఆలోచన నాకు మొదట అక్కడే కలిగింది.

ఇక పుస్తకంతో ముడి. ఇది లేకపోతే మీ ప్రదర్శన బస్టాండులో పెట్టినా ఒకటే. బొమ్మ కింది చీటీలో చిత్రకారుడి పేరు, ఊరు, మండలం, సంవత్సరం, రెండు వాక్యాల వివరం, చివర పుస్తకం పేరు, వర్గ సంఖ్య ఉండాలి. పుస్తకాలను విషయాల వారీగా అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో పక్షులకు 598, తోలుబొమ్మలాటకు 791.53, ఫోటోగ్రఫీకి 770, ఆంధ్రప్రదేశ్ చరిత్రకు 954.84. అక్షరాలు బాగా పెద్దవిగా ఉండాలి. ఇంగ్లీషుకు సరిపోయే సైజు తెలుగుకు సరిపోదు. వత్తులు, గుడులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నేను 24 పాయింట్లకు తగ్గించను.

మీ జిల్లాకు తగిన ఉదాహరణ చెబుతాను. కలివికోడి అనే అరుదైన పక్షిని జెర్డన్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త వెలుగులోకి తెచ్చాక, 1848లో అది శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో మళ్ళీ దొరికింది కడప జిల్లా పొదల అడవుల్లోనే. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది దానికోసమే. ఆ పక్షి రాత్రిపూట తిరుగుతుంది కనుక ఫోటోలు అరుదు. ఫోటో దొరకని చోట చిత్రకారుడు కావాలి. ముళ్ళపొదల అడవిని విద్యార్థులు ఫోటో తీస్తారు, పక్షిని ఒకరు గీస్తారు, పక్కన 598 అరలోని పుస్తకం ఉంటుంది. చిత్రాలనూ ఫోటోలనూ ఒకే ప్రదర్శనలో ఎందుకు కలపాలన్నదానికి ఇంతకంటె మంచి జవాబు నా దగ్గర లేదు. మేము పక్షుల ప్రదర్శన పెట్టిన నెలలో, ఏళ్ళ తరబడి తేదీ ముద్ర పడని పుస్తకాలు కొన్ని కౌంటరు దాటాయి. ఆ పుస్తకాల్లోని తేదీ చీటీల మీద కొత్త ముద్ర వేసినప్పుడు కలిగిన సంతోషం రిబ్బను కత్తిరింపులో కలగలేదు. అన్నట్టు, గూటి మీద కూర్చున్న పక్షుల ఫోటోలను తీసుకోకండి. ఫోటో దొరికిన చోటును కూడా మరీ వివరంగా రాయకండి.

ఎంపికకు ముగ్గురు చాలు: బొమ్మలు తెలిసినవారొకరు, గ్రంథాలయం నుంచి ఒకరు, పాఠక విద్యార్థి ఒకరు. పేర్లు కప్పి, అంకెలు వేసి చూపించండి. "ఫలానా వారి అబ్బాయి తీసినది" అన్న సిఫారసు తప్పకుండా వస్తుంది. పేర్లు మాకు కనబడవని చెప్పగలగడం మీకు పెద్ద కవచం.

అనుమతుల్లో అజాగ్రత్త వద్దు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం మామూలుగా ఫోటో మీద హక్కు తీసినవారిది. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు సాధారణంగా తీయించుకున్నవారిది. 2012 సవరణ తర్వాత ఫోటోకైనా, చిత్రానికైనా దాన్ని తీసినవారి లేదా గీసినవారి మరణానంతరం 60 ఏళ్ళు రక్షణ ఉంటుంది. ఇంటర్నెట్ నుంచి దింపిన బొమ్మ ఎంత బాగున్నా వద్దు. విద్యార్థి దగ్గర మూడు విషయాలకు విడివిడిగా సంతకం తీసుకోండి: ప్రదర్శించడానికి, ప్రచార పత్రాల్లో వాడటానికి, తర్వాత గ్రంథాలయంలో భద్రపరచుకోవడానికి. అసలు చిత్రాన్ని తీసుకునేటప్పుడు ముందూ వెనుకా ఫోటో తీసి, ఉన్న గీతలూ మరకలూ రాసి రసీదు ఇవ్వండి.

చట్టం అడగని అనుమతి ఇంకొకటి ఉంది. కరవు మీద పెట్టిన ఒక ప్రదర్శనలో, వేరుశనగ చేలో వంగి కాయలు ఏరుతున్న ఒక స్త్రీ ఫోటోకు "ఆకలి" అని శీర్షిక పెట్టాము. రెండో వారంలో ఒక ఎమ్మెస్సీ విద్యార్థి నా గదికి వచ్చి, నిలబడే మాట్లాడాడు. "సార్, ఆ ఫోటోలో ఉన్నది మా అమ్మ. అది మా చేనే. ఆ ఏడు మాకు బాగా పండింది." ఫోటో తీసేయమని అతను అడగలేదు, మాట మార్చమన్నాడు. నేను ఆ క్షణమే వెళ్ళి చీటీ చించేశాను. ఆమె అంగీకారం అతని ద్వారా కనుక్కుని, ఆమె పేరు, ఊరు, పంట పేరు రాసి కొత్త చీటీ పెట్టాము. అప్పటి నుంచి ముఖం స్పష్టంగా కనబడే ప్రతి ఫోటోకూ, అందులోని మనిషిని అడిగారా అని రాతపూర్వకంగా ఫోటోగ్రాఫరును అడుగుతూ వచ్చాను. మన విశ్వవిద్యాలయాల్లో చదివే పిల్లలు ఆ ఫోటోల్లోని ఊళ్ళ నుంచే వస్తారు.

సమయం విషయానికి వస్తే, ఏప్రిల్, మే నెలలు వద్దు. ఎండ, పరీక్షలు రెండూ అప్పుడే. ఆగస్టు 12 భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ జయంతి, అదే నెల 19 ప్రపంచ ఫోటోగ్రఫీ దినం. ఆ రెంటినీ కలుపుకుని నెల రోజులు పెట్టవచ్చు. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలు కూడా బాగుంటాయి, సెమిస్టరు పరీక్షలు అడ్డు రాకపోతే.

సందర్శకుల పుస్తకం పెడితే అందరూ "చాలా బాగుంది" అనే రాస్తారు. దాని బదులు ఒక పెట్టె, కొన్ని చీటీలు ఉంచి, ఏ బొమ్మ దగ్గర ఆగారో అంకె మాత్రం రాయమనండి. నెలాఖరుకు ఆ అంకెలనూ, పుస్తకాల కౌంటరు రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి చూస్తే, వచ్చే ఏడాది ఏమి చేయాలో పై అధికారులకు చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది.

మీ మెట్ల మలుపు గోడ పొడవు, ఎత్తు, అక్కడి కిటికీ ఏ దిక్కుకు ఉందో రాయండి. ఎన్ని బొమ్మలు పడతాయో, ఎన్ని బోర్డులు చేయించుకోవాలో లెక్క వేసి చెబుతాను.